ముక్కలు తెలిసిన ఆట, కథ తెలిసిన సినిమా



2003 మే నెల. అమెరికాలోని లాస్ వేగాస్‌లో, బినియన్స్ హార్స్‌షూ అనే కాసినోలో ప్రపంచ పోకర్ సిరీస్ చివరి ఆట నడుస్తోంది. 839 మందితో మొదలైన పోటీలో ఇద్దరే మిగిలారు. ఒకరు సామీ ఫర్హా, పందేల బల్లల దగ్గర పేరు మోసిన మనిషి. ఇంకొకరు క్రిస్ మనీమేకర్, టెనెసీ రాష్ట్రంలో లెక్కలు రాసుకునే ఉద్యోగి. ఆ పోటీలో కూర్చోవాలంటే 10,000 డాలర్లు కట్టాలి. మనీమేకర్ అంత డబ్బు కట్టలేదు. ఇంటర్నెట్‌లో 86 డాలర్లతో ఒక చిన్న పోటీలో చేరి, అది గెలిచి, ఆ దారిన లాస్ వేగాస్ చేరాడు.

ఆ రాత్రి ఒక పంపకంలో మనీమేకర్ చేతికి ఇస్పేటు రాజు, ఆఠీను ఏడు వచ్చాయి. ఫర్హా చేతికి ఇస్పేటు రాణి, ఆఠీను తొమ్మిది. బల్ల మధ్యలో పరిచిన ఉమ్మడి ముక్కల్లో ఒక తొమ్మిది ఉంది కాబట్టి ఫర్హాకు తొమ్మిదుల జత కుదిరింది. మనీమేకర్‌కు కుదరాల్సిన ముక్క ఆఖరి దాకా రాలేదు. చేతిలో ఉన్నది ఉత్త రాజు. అయినా తన ముందున్న చిప్స్ మొత్తం బల్ల మధ్యకు తోసేశాడు. ఆ తర్వాత కదలకుండా కూర్చున్నాడు. ఫర్హా అతని ముఖంలోకి చూశాడు, మాట కలపబోయాడు, ఆలోచించాడు. చివరికి గెలిచే ముక్కలను తన చేత్తోనే పక్కన పడేశాడు. ఇంకాసేపటికి మనీమేకర్ ప్రపంచ విజేత అయ్యాడు. బహుమతి 25 లక్షల డాలర్లు.

ఆ హాల్లో ఆ నిమిషాన జరిగింది మోసమో నిజమో అక్కడ కూర్చున్న ప్రేక్షకులకు తెలియదు. బల్ల అంచున బిగించిన చిన్న కెమెరా ఇద్దరి ముక్కలనూ పట్టింది కాబట్టి, తర్వాత టీవీలో చూసినవాళ్లకు మాత్రం తెలుసు. నేను టీవీలో పోకర్ చూడటం మొదలుపెట్టింది ఈ తెలియడం కోసమే. ఇవాళ మీతో మాట్లాడదలచుకున్నదీ దాని గురించే. ముందే తెలిసి చూడటంలో ఒక గొప్ప ఆనందం ఉంది. తెలిసిన సినిమాను పదిమందితో కలిసి మళ్లీ చూసే రాత్రుల్లో ఉన్నదీ ఆ ఆనందమే. నల్లగొండ, పాలమూరు వాళ్లకు అది కొత్త సంగతి కాదు.

ఆట తెలియని శ్రోతల కోసం రెండు మాటలు. పోకర్‌లో టెక్సాస్ హోల్డెమ్ అనే పద్ధతిలో ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు బోర్లా పంచుతారు. బల్ల మధ్యలో ఐదు ముక్కలు అందరికీ ఉమ్మడిగా వెల్లకిలా పరుస్తారు. మొదట మూడు, తర్వాత ఒకటి, ఆపైన ఇంకొకటి. ఆ ఏడింటిలో మంచి ఐదు ఎవరికి కుదిరితే వాళ్లది గెలుపు. ప్రతి విడతకూ పందెం పెంచొచ్చు, వదిలేసి తప్పుకోవచ్చు. మిగతావాళ్లంతా తప్పుకుంటే చేతిలో ఏమీ లేనివాడు కూడా గెలుస్తాడు, ముక్కలు చూపించాల్సిన పని కూడా లేదు. అందుకే ఈ ఆటలో ముక్కల కంటే మనిషి ముఖ్యం.

ఒకప్పుడు టీవీలో ఈ ఆట నిలవలేదు. చూసేవాళ్లకు ముక్కలు కనిపించేవి కావు. నలుగురు మనుషులు మాట్లాడకుండా కూర్చుని చిప్స్ తోసుకుంటుంటే ఎవరు ఎంతసేపు చూస్తారు? దాన్ని మార్చినవారిలో హెన్రీ ఒరెన్‌స్టైన్ ముఖ్యుడు. ఆయన పోలండ్‌లో పుట్టిన యూదుడు, హిట్లర్ నిర్బంధ శిబిరాల నుంచి ప్రాణాలతో బయటపడి అమెరికా చేరి, పిల్లల బొమ్మల వ్యాపారంలో స్థిరపడ్డాడు. ట్రాన్స్‌ఫార్మర్స్ అనే బొమ్మలు జపాన్ నుంచి అమెరికాకు రావడంలో ఆయన చెయ్యి ఉంది. బోర్లా ఉన్న ముక్కలను ప్రేక్షకుడికి చూపించే కెమెరా ఏర్పాటుకు 1995లో ఆయనకు పేటెంట్ వచ్చింది. 1999లో బ్రిటన్‌లో ఛానల్ ఫోర్ వాళ్లు 'లేట్ నైట్ పోకర్' అనే కార్యక్రమంలో బల్లకు అద్దం పెట్టి, కింది నుంచి కెమెరాతో ముక్కలు చూపించారు. మనీమేకర్ గెలిచిన సంవత్సరానికి అమెరికా టీవీ కూడా ఆ దారికి వచ్చేసింది. ఫలితం చూడండి. 2003లో 839 మంది కూర్చున్న పోటీకి 2004లో 2,576 మంది వచ్చారు. 2006లో 8,773 మంది. ప్రేక్షకుడికి ముక్కలు చూపించడం వల్ల ఒక ఆట తలరాతే మారిపోయింది.

ముక్కలు తెలిసినప్పుడు ప్రేక్షకుడి చూపు ఎటు పోతుందో గమనించండి. ఎవరు గెలుస్తారన్న ఆత్రం సగం తగ్గుతుంది. ఆ ఖాళీలోకి మనుషులు వస్తారు. చేతిలో ఏమీ లేనివాడు నీళ్లు తాగే తీరు, బలమైన ముక్కలున్నవాడు బలహీనుడిలా నటించే తీరు, గెలిచే ముక్కలు పట్టుకుని భయపడేవాడి కళ్లు మనకు కనిపిస్తాయి. నిజం మన దగ్గర ఉంది, అది తెలియని మనిషి మన కళ్ల ముందు నిర్ణయం తీసుకుంటున్నాడు. నాకు తెలిసి నాటకం అంటే ఇదే.

ఇది మనకు అలవాటైన చూపే. చిందు భాగోతం చూడటానికి రాత్రంతా కూర్చున్న మన పెద్దవాళ్లలో కథ తెలియనివాళ్లు ఎవరున్నారు? ఒగ్గు కళాకారులు బీరప్ప కథ చెబుతుంటే తర్వాత ఏమవుతుందని ఎవరూ అడగరు. పాలమూరు పల్లెల్లో పండుగ సాయన్న కథ పాడితే, పెద్దోళ్లను కొట్టి పేదోళ్లకు పెట్టిన ఆ మనిషి చివరికి ప్రాణాలు పోగొట్టుకుంటాడని కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. తెలిసే వింటారు, తెలిసే కన్నీళ్లు పెట్టుకుంటారు. లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య గారు పన్నెండు మెట్ల కిన్నెర మీద ఆ కథ వినిపించేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన పాటలో వినేవాళ్లు వెతికేది ముగింపు కాదు. ఈసారి ఏ చరణం దగ్గర ఆగుతారు, ఎక్కడ గొంతు ఎత్తుతారు, ఎవరి వైపు చూసి పాడతారు అన్నది. అంత నేర్పుగా వినే చెవులు, చూసే కళ్లు ఉన్న ప్రాంతం మనది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. నేను ఈ ఆట చూసేవాణ్ణి, ఆడేవాణ్ణి కాను. దసరాకో దీపావళికో సరదాగా మొదలైన పత్తాలాట ఎకరాల దాకా పోయిన ఇళ్లు మన ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ప్రతి పెద్ద ఊరిలో ఉన్నాయి. ఆ తర్వాత అదే ఆట ఫోన్‌లోకి వచ్చింది. ఎవరికీ కనిపించకుండా, పడుకున్నచోటే ఒక రాత్రిలో జీతం మొత్తం పోగొట్టుకోవడం మొదలైంది. అప్పులు తీర్చలేక ప్రాణాలు తీసుకున్న యువకుల వార్తలు మనం చదివాం. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి, నైపుణ్యం పేరుతో డబ్బు పెట్టి ఆడే ఆటలకున్న మినహాయింపును తీసేసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. ఈ రెండూ సరైన పనులేనని నా అభిప్రాయం.

నైపుణ్యమా, అదృష్టమా అన్న వాదన మన గడ్డ మీదే సుప్రీంకోర్టు దాకా వెళ్లిందని చాలామందికి తెలియదు. 1963లో సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేసి రమ్మీ ఆడుతున్నవాళ్లను పట్టుకున్నారు. నిజాం కాలం నాటి హైదరాబాద్ జూదం చట్టం కింద కేసు పెట్టారు. 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లా రాసిన తీర్పులో, పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవడం, ఏది ఉంచాలో ఏది పారేయాలో తేల్చుకోవడం రమ్మీలో ప్రధానం కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అన్నారు. మూడు ముక్కలాట లాంటిది కాదన్నారు. ఆ తర్వాత దేశంలో హైకోర్టులకు వచ్చిన పేకాట కేసుల్లో ఈ సికింద్రాబాద్ కేసు ప్రస్తావన తరచుగా వచ్చింది. నైపుణ్యం ఉన్న మాట నిజమే. కానీ నైపుణ్యం ఉన్నవాడు ఒక్కడు గెలవడానికి అది లేనివాళ్లు చాలామంది ఓడాలి. ఆ ఓడేవాళ్లకు పెళ్లాం పిల్లలున్నారు. అందుకే ఈ ఆటను నేను దూరం నుంచి, ఎవరిదో డబ్బు, ఎవరిదో ధైర్యం, ఎవరిదో భయం అన్నట్టు ఒక నాటకంగానే చూస్తాను. నా మాట విని ఎవరైనా పందెం బల్ల దగ్గరికి వెళితే నేను మాట్లాడింది వృథా అయినట్టే.

చూసేవాడిగా నాకు కొన్ని గట్టి అభిప్రాయాలున్నాయి. మొదటిది, నల్ల కళ్లద్దాలు తీసేయాలి. తలమీదికి టోపీ లాక్కుని, అద్దాలు పెట్టుకుని, చెవుల్లో పాటలు వింటూ కూర్చుంటే ఇక టీవీ ఎందుకు? మేము చూడవచ్చింది ముఖాన్ని. రెండోది, తెర మీద వేసే శాతాలు. ఫలానా ఆటగాడికి గెలిచే అవకాశం 72 శాతం, ఫలానా వాడికి 28 అని మూలన అంకెలు మారుతుంటాయి. ప్రేక్షకుల కళ్లు ఆ అంకెల మీదే ఉంటాయి. ముక్కలు చూపించారు, చాలు. లెక్క మమ్మల్నే వేసుకోనివ్వండి. తప్పు లెక్క వేసుకున్నా ఆ ఆలోచన మాది. ఈ విషయంలో పాత వ్యాఖ్యాతలు మేలు, అంకెల కంటే ఎక్కువగా మనుషుల గురించి మాట్లాడేవారు.

మూడో ఫిర్యాదు పెద్దది. గంట కార్యక్రమం కోసం కత్తిరించినప్పుడు మొత్తం చిప్స్ తోసేసే ఘట్టాలే మిగులుతాయి. ఆటగాడు మంచి ముక్కలను కూడా అనుమానపడి వదిలేసిన ఘట్టాలు కత్తెర పాలవుతాయి. నిజమైన ఆటగాడు వదిలేయడంలోనే బయటపడతాడు. ఫర్హా తొమ్మిదుల జతను వదిలిన ఆ ఘట్టం లేకపోతే 2003 కథే లేదు కదా. ఇప్పుడు యూట్యూబ్‌లో ముక్కలు ముందే బయటపడకుండా కొంత ఆలస్యంగా ప్రసారమయ్యే పూర్తి ఆటలు దొరుకుతున్నాయి. ఓపిక ఉన్నవాళ్లు అవే చూడాలి.

2008 నుంచి 2016 దాకా ప్రపంచ పోకర్ సిరీస్ నిర్వాహకులు ఒక పని చేశారు. జులైలో తొమ్మిదిమంది మిగలగానే ఆట ఆపేసి, చివరి బల్లను ఎక్కువగా నవంబరులో పెట్టేవారు. ప్రచారానికి బాగుండి ఉండొచ్చు, కానీ నాకు నచ్చలేదు. నాలుగు నెలల విరామంలో ఆటగాళ్లు శిక్షణ తీసుకుని, ఒకరి ఆటను ఒకరు అధ్యయనం చేసుకుని కొత్త మనుషులై వచ్చేవారు. జులై నాటి అలసట, నిద్రలేమి, ఆశ అన్నీ ఆవిరైపోయేవి. భాగోతాన్ని సగంలో ఆపి మళ్లీ పంటకోత అయ్యాక మొదలుపెడితే ఎవరికి పట్టు నిలుస్తుంది? 2024లో 10,112 మంది ఆడిన పోటీ చివరి బల్ల దగ్గర ఇంకో తగవు వచ్చింది. గెలిచిన ఆటగాడి స్నేహితులు పక్కనే ల్యాప్‌టాప్ పెట్టుకుని సలహాలిస్తున్నారని ఆరోపణ. కంప్యూటర్ చెప్పిన లెక్కను మనిషి అప్పజెప్పడమైతే, దాన్ని టీవీలో చూసే అవసరమే ఉండదు.

పోకర్‌కూ, పదేపదే చూసే సినిమాకూ ముడి వేసిన చిత్రం ఒకటుంది. 1998లో జాన్ డాల్ తీసిన 'రౌండర్స్'. మాట్ డామన్, ఎడ్వర్డ్ నార్టన్ నటించారు. విడుదలైనప్పుడు అంతంత మాత్రంగా ఆడింది. తర్వాత ఇళ్లలో వీడియోలు వేసుకుని చూసి చూసి జనం దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఆ సినిమా చూసే ఆటలోకి వచ్చామని చెప్పిన వృత్తి ఆటగాళ్లున్నారు. కథానాయకుడు 1988 నాటి ప్రపంచ పోటీ వీడియోను పదేపదే చూస్తుంటాడు. అందులో జానీ చాన్ చేతికి తిరుగులేని ముక్కలు వస్తాయి. ఆయన మాత్రం ఏమీ లేనివాడిలా ఊరుకుని ఎరిక్ సైడెల్‌ను మెల్లగా తనవైపు లాక్కుంటాడు. 1988లో ముక్కలు చూపించే కెమెరా లేదు. ఆ వీడియోను మళ్లీ మళ్లీ చూసినవాడికే చాన్ ముఖంలో అర్థం దొరుకుతుంది. చివరికి కథానాయకుడు కూడా అదే ఉపాయంతో గెలుస్తాడు. అతనికి ఎదురుగా కూర్చున్నది జాన్ మాల్కోవిచ్ వేసిన రష్యన్ జూదరి పాత్ర. ఆ పాత్ర బిస్కెట్ విరిచి తినే తీరులోనే తన చేతిలో ఏముందో చెప్పేస్తుంది. మొదటిసారి చూసినప్పుడు ఆ బిస్కెట్ మీద మన దృష్టి పడదు. రెండోసారి చూసినప్పుడు కళ్లు దాని మీది నుంచి పోవు. మళ్లీ చూడమని నేను పోరుపెట్టేది ఇందుకే.

మన దగ్గర దీనికి గొప్ప ఉదాహరణ 1957లో కె.వి. రెడ్డి గారు తీసిన 'మాయాబజార్'. అందులో ప్రియదర్శిని అనే పేటిక ఉంటుంది, తెరిచి చూసినవాళ్లకు తమకు ప్రియమైనది కనిపిస్తుంది. చివర్లో సత్యపీఠం వస్తుంది, దాని మీద నిలబడ్డవాడి నోటి వెంట నిజం తప్ప ఇంకొకటి రాదు. పాచికల ఆటలో ఆరితేరిన శకుని దాని మీద నిలబడి తన కుట్ర అంతా తానే విప్పుకుంటాడు. శకునిగా సి.యస్.ఆర్. ఆంజనేయులు గారు. ముఖంలో ఏమీ కనబడనివ్వని జూదరి చేత అతని గుట్టు అతనితోనే విప్పించడం! బోర్లా ముక్కలను చూపించే కెమెరా ఒరెన్‌స్టైన్‌కు తట్టడానికి ముప్పై ఏళ్లకు పైగా ముందే తెలుగు ప్రేక్షకుడు ఆ ఆనందం రుచి చూశాడు. సినిమా మొత్తంలోనూ అంతే. శశిరేఖ వేషంలో ఉన్నది ఘటోత్కచుడని మనకు తెలుసు, లక్ష్మణ కుమారుడికి తెలియదు. మనం నవ్వేది ఆ తెలియడం వల్లనే.

పాత సినిమాలు తిరిగి థియేటర్లకు రావడం గురించి ఇప్పుడు మాట్లాడతాను. 2022 ఆగస్టు 9న మహేశ్ బాబు పుట్టినరోజుకు 'పోకిరి' ప్రత్యేక ప్రదర్శనలు వేశారు. 2006 నాటి సినిమా అది. థియేటర్లు నిండిపోయాయి. అక్కడి నుంచి వరుసగా 'జల్సా', 'ఖుషి', 'ఆరెంజ్', 'ఈ నగరానికి ఏమైంది', 'మురారి' వచ్చాయి. నా దృష్టిలో వీటన్నిటిలో ఆలోచించాల్సిన సినిమా 'ఖలేజా'. త్రివిక్రమ్ దర్శకత్వంలో 2010 అక్టోబరులో వచ్చినప్పుడు జనం ఆదరించలేదు. తర్వాత టీవీలో వస్తూనే ఉంది. అన్నం తింటూ, హోంవర్క్ చేసుకుంటూ, పండుగ పూట పిండివంటలు చేస్తూ ఇంటింటా చూశారు. మాటలన్నీ నోటికి వచ్చేశాయి. 2025 మే 30న మళ్లీ థియేటర్లలో వేస్తే, మొదటిసారి ఆడనంత ఉత్సాహంగా ఆడింది. 2010లో ఆ సినిమాకు కావలసింది కథ ముందే తెలిసిన ప్రేక్షకుడు. ఆ ప్రేక్షకుణ్ణి పదిహేనేళ్లు తయారుచేసింది టీవీ. పోకర్‌కు కెమెరా చేసిన మేలే ఖలేజాకు టీవీ చేసింది.

తెర మీది మాట కంటే ముందు హాలంతా ఆ మాట అనేయడం చూసి కొందరు విసుక్కుంటారు. అది గొడవ అంటారు. నేను ఒప్పుకోను. న్యూయార్క్‌లో 1976లో 'ది రాకీ హారర్ పిక్చర్ షో' అనే సినిమాకు అర్ధరాత్రి ఆటలు మొదలయ్యాయి. జనం తెర మీది పాత్రలకు ఎదురు మాటలు చెప్పేవారు, పెళ్లి ఘట్టం వస్తే బియ్యం చల్లేవారు. ఇలాంటి రాత్రులకు అదొక సంప్రదాయమైపోయింది. మనం కాగితం ముక్కలు ఎగరేయడం కూడా ఆ కోవలోదే. హద్దు ఒక్కటే, నిప్పు. 2023లో విజయవాడలో 'సింహాద్రి' ప్రదర్శనలో టపాకాయలు కాల్చితే సీట్లు కాలిపోయాయి. హాల్లో నిప్పు పెట్టేవాడు అభిమాని కాడు, పక్కన కూర్చున్న పిల్లల ప్రాణాలు లెక్కచేయని మనిషి. కాగితాలు చల్లండి, ఆట అయ్యాక ఊడ్చేవాళ్ల చేతిలో తలా పది రూపాయలు పెట్టండి.

నాకున్న అసలు బాధ వేరే. పాత సినిమా రాత్రి అంటే హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సంధ్య, సుదర్శన్ థియేటర్లే అన్నట్టు తయారైంది. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా వంద కిలోమీటర్ల ప్రయాణం. ఆడపిల్లలు సెకండ్ షో చూసి ఎట్లా తిరిగి రావాలి? మన పట్టణాల్లో హాళ్లు లేకపోలేదు. 2021 సెప్టెంబరు 24న మహబూబ్‌నగర్‌లో ఏవీడీ సినిమాస్ 'లవ్ స్టోరీ'తో మొదలైంది. అచ్చంపేట ప్రాంతానికి చెందిన కుటుంబం నుంచి వచ్చిన విజయ్ దేవరకొండ అందులో భాగస్వామి. హాళ్లున్నాయి, తెరలున్నాయి. లేనిది పుట్టినరోజులతో పని లేకుండా పాత సినిమా వేసే అలవాటు. హీరో పుట్టినరోజు లేని సినిమాలు, చిన్న నటుల సినిమాలు, మన ప్రాంతం సినిమాలు ఏం పాపం చేశాయి?

'బలగం' సంగతి గుర్తుచేసుకోండి. 2023 మార్చి 3న విడుదలైన ఆ సినిమాను తెలంగాణ ఊళ్లలో గ్రామ పంచాయతీల దగ్గర, బడుల దగ్గర తెర కట్టి వేశారు. ముసలివాళ్లు మంచాలు తెచ్చుకుని చూశారు. ఇంటి పెద్ద చనిపోయాక పిట్టకు పెట్టినప్పుడు కాకి ముట్టకపోవడం, ఇంట్లో వాళ్లలో పశ్చాత్తాపం, చివరలో బుడగజంగాల పాట. ఆ తంతు తెలియని ఇల్లు తెలంగాణలో ఉండదు. తెలిసిన తంతును అందరితో కూర్చుని చూడటం వల్లే జనం అంతగా ఏడ్చారు. అనుమతి లేని ప్రదర్శనల మీద నిర్మాణ సంస్థ పోలీసులకు ఫిర్యాదు చేసింది. వాళ్ల కష్టం వాళ్లది, హక్కు వాళ్లది. కాబట్టి ఊళ్లో తెర కట్టదలచినవాళ్లు ముందు నిర్మాతను అడగాలి, నామమాత్రపు రుసుముకు ఊళ్లలో ప్రదర్శన హక్కు ఇచ్చే పద్ధతి నిర్మాతలు కూడా పెట్టాలి. పంచాయతీ నుంచి దరఖాస్తు, నిర్ణయించిన రుసుము, ఒక రాత్రికి అనుమతి. ఇంతకంటే పెద్ద తతంగం అక్కర్లేదు.

నేనైతే ఏ ఊళ్లో ఏ సినిమా వేస్తానో చెబుతాను. ఆలేరులో 'మల్లేశం'. ఆ మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు, చీర నేతకు ముందు దారం చుట్టే ఆసు పోసి పోసి నొప్పులతో బాధపడే తల్లి కోసం ఆసు యంత్రం తయారుచేసి, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. రాజ్ రాచకొండ తీసిన ఆ సినిమా 2019లో వచ్చింది. ఆసు పోయడం ఎంత కష్టమో నగరం ప్రేక్షకుడికి సినిమా చెప్పాలి. పోచంపల్లి, ఆలేరు ఆడవాళ్లకు అది భుజం చెబుతుంది. వాళ్లు ఆ సినిమాలో చూసేది ఇంకేదో ఉంటుంది. అది విందామని నాకు కోరిక. సూర్యాపేటలో గౌతమ్ ఘోష్ తీసిన 'మా భూమి' వేయాలి. సాయుధ పోరాటం నడిచిన నేల మీద, ఆ కాలాన్ని తాతల నోట విన్న మనవళ్ల మధ్య వేయాలి. మహబూబ్‌నగర్ కాలేజీ పిల్లలకు 'ఖలేజా', నోరారా అరుచుకోనివ్వాలి. మర్నాడు అదే హాల్లో 'మాయాబజార్', పెద్దవాళ్లకూ పిల్లలకూ కలిపి.

వేళ మాట కూడా చెప్పాలి. సాయంత్రం ఆరున్నరకు మొదలుపెట్టి, చివరి బస్సు వెళ్లకముందే వదిలేయాలి. ఆడవాళ్లకు ముందు వరుసలు ఇవ్వాలి, వెనక మూల కాదు. సౌండ్ పెట్టెలు నాలుగు కాకపోతే రెండే పెట్టండి, కానీ మాట స్పష్టంగా వినబడాలి. ఆట అయ్యాక పావుగంట కూర్చుని మాట్లాడుకునే వీలుండాలి. పోకర్ చూసేవాళ్లు ఒక పంపకం గురించి, అక్కడ వదిలేసి ఉండాల్సిందా, నిలబడాల్సిందా అని వారం రోజులు వాదించుకుంటారు. సినిమా మీద కూడా అంత వాదన జరగాలి. 'బలగం'లో అల్లుడిది తప్పా, బావమరిదిది తప్పా అన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు.

కోదాడలో మాత్రం కాంతారావు గారి సినిమానే ముందు వేయాలి. ఆయన పుట్టింది కోదాడ పక్కన గుడిబండలో, 1923లో. 1963 ఒక్క సంవత్సరంలోనే 'లవకుశ'లో లక్ష్మణుడు, 'నర్తనశాల'లో కృష్ణుడు, బి. విఠలాచార్య తీసిన 'గురువును మించిన శిష్యుడు'లో కథానాయకుడు ఆయనే. ఆనాడు కత్తి పట్టడంలో ఆయనకు సాటి లేదని పేరు. నేను వేసేది ఆ విఠలాచార్య సినిమానే. రాజకుమారుడు గెలుస్తాడని, మాంత్రికుడు చస్తాడని గుడిబండ పిల్లవాడికి కూడా మొదటి రీలులోనే తెలిసిపోతుంది. తెలిశాక ఇక కాంతారావు గారి కాళ్లను చూడమనండి. కత్తి తిప్పేటప్పుడు ముందుకు పడే అడుగు, వెనక్కి పడే అడుగు, నేల మీద ఎక్కడ ఆనుతున్నాయో చూడమనండి. ఆయనను కళ్లారా చూసిన పెద్దవాళ్లు ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఇంకా ఉంటారు. ఆట మొదలయ్యే ముందు వాళ్లలో ఒకరికి మైకు ఇచ్చి, ఐదు నిమిషాలు మాట్లాడనివ్వాలి.